సూరీ, బ్విండీ అడవిలో మీ నాన్నగారు వినిపించారు

బుహోమా, ఉగాండా
జూలై 18, రాత్రి

ఒరేయ్ సూరీ,

ముందు తిట్టేసెయ్యి, తరవాత చదువు. సంక్రాంతికి నువ్వు రాసిన ఉత్తరానికి జూలైలో జవాబు రాస్తున్నాను. నీ కాగితాలు ఆర్నెల్లుగా నా సంచీలోనే ఉన్నాయి, నాతోపాటు మూడు దేశాలు తిరిగాయి, మడతల దగ్గర చిరిగాయి కూడా. "సూరికి, ఇక్కడ అంతా క్షేమం" అని మొదలుపెట్టి ఎన్నిసార్లు ఆపేశానో లెక్కలేదు. నీకు రాసేంత సంగతి ఒక్కటీ తగల్లేదు. ఇవాళ తగిలింది. పడుకుందామని దీపం ఆర్పి, పది నిమిషాలు అటూ ఇటూ దొర్లి, మళ్ళీ లేచి కూర్చున్నాను.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. బావగారి కంటి ఆపరేషన్ బాగా జరిగింది. చిన్నదానికి ఉద్యోగం బెంగుళూరుకి మారింది. కొబ్బరితోట కౌలు నువ్వు చెప్పినట్టే పాతాయనకే ఇచ్చాను. నా బీపీ మందులు నేను వేసుకుంటున్నాను, చెల్లెమ్మకి చెప్పు. అంతే.

ఇక అసలు సంగతి. సూరీ, ఇవాళ పదకొండున్నర గంటలకి, ఇక్కడి గొరిల్లాల అడవిలో, మోకాలిలోతు తీగల మధ్య నిలబడి, మీ నాన్నగారు గొంతు సవరించుకోవడం విన్నాను. నిజంరా. ఫోన్లో చెబితే అయిదు నిమిషాల్లో అయిపోతుంది, నువ్వు "ఊఁ, ఊఁ" అంటావు, సిగ్నల్ పోతుంది. అలా పోగొట్టుకునే సంగతి కాదిది. అందుకే కాగితం. మొదట్నించీ చెబుతాను.

నీకు తెలుసుగా, ముప్పై ఒక్క ఏళ్ళు ఓడల్లో ఇంజన్ రూములో పనిచేశాను. దేశాలు తిరిగానని ఊళ్ళో అందరూ అనేవారు. నేను చూసినవి దేశాలు కాదు, రేవులు. సాంటోస్, డర్బన్, రాటర్‌డామ్, మొంబాసా, అన్నిచోట్లా అవే క్రేన్లు, అదే డీజిల్ వాసన. దేశం లోపలికి వెళ్ళి చూడటమనేది రిటైరయ్యాకే మొదలైంది. బొలీవియా ఉప్పు ఎడారి గురించి రాశాను కదా, ఉయునీ, పదివేల చదరపు కిలోమీటర్ల ఉప్పు, అక్కడ ఎత్తు సరిపడక రెండు రోజులు తలనొప్పి. నమీబియా ఎర్ర ఇసుక దిబ్బల ఫొటోలు పంపాను. అవన్నీ బాగానే ఉన్నాయి. కానీ కెన్యాలోని మొంబాసా మాత్రం మనసులో ఒక మూల ఉండిపోయింది. 1987లో అక్కడ మా ఓడ లంగరు వేసి పదిరోజులు ఆగింది. రేవు పక్కన ఒక ముసలి గుజరాతీ ఆయన కొట్టుండేది. ఆయన తాత రైలు పట్టాలు వేయడానికి వచ్చినవాడట. 1896 నించి 1901 దాకా మొంబాసా నించి విక్టోరియా సరస్సు దాకా ఆ లైను వేశారు, దానికోసం మన దేశం నించి ముప్పై వేలమందికి పైగా కూలీల్ని తీసుకొచ్చారు. రెండువేల అయిదొందలమంది దాకా చచ్చిపోయారు. "ఆ పట్టాలు పట్టుకుని లోపలికి పో, అక్కడుంది ఆఫ్రికా" అన్నాడాయన. పోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆ లైను తరవాత కంపాలా దాకా వచ్చింది, నేను మాత్రం విమానంలోనే దిగాను.

ఎంటెబ్బేలో దిగి, కంపాలాలో ఒకరాత్రి పడుకుని, తెల్లారకముందే కారెక్కాను. పదిగంటల దారి. మసాకా రోడ్డులో కయాబ్వే అని ఊరు, అక్కడ భూమధ్యరేఖ దాటతాం. రోడ్డు పక్కన తెల్లటి సిమెంటు వలయం కట్టారు. సముద్రం మీద ఆ రేఖ ఎన్నిసార్లు దాటానో, నీళ్ళ మీద గీత ఉండదు కదా, మ్యాపులో చూసుకుని అనుకోవడమే. ఇక్కడ మొదటిసారి కాళ్ళతో దాటాను. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పెట్టి నిలబడ్డాను, నిన్ను తల్చుకున్నాను. ఎందుకో నీకు తెలుసు. ద్వారపూడి ప్లాట్‌ఫారం.

దారిపొడుగునా అరటితోటలే. కొండవాలు కనిపిస్తే చాలు అరటి. పచ్చి అరటికాయ చెక్కు తీసి, అరిటాకులో చుట్టి ఆవిరి మీద ఉడికించి మెదుపుతారు, మటోకే అంటారు, మనకి అన్నం ఎలాగో వాళ్ళకి అది అలాగ. సైకిలుకి ఆరేడు గెలలు కట్టుకుని ఎత్తు ఎక్కుతున్న కుర్రాళ్ళని చూస్తే రావులపాలెం సంత గుర్తొచ్చింది. రావులపాలెం అనగానే ఆ గెల గుర్తొచ్చింది. ఇంతకంటే రాయను, చెల్లెమ్మ చదువుతుంది. మధ్యాహ్నం రోడ్డు పక్కన ఒకడు పెనం మీద చపాతీ, దాంట్లో ఆమ్లెట్ పెట్టి చుట్టిచ్చాడు. దాన్ని వాళ్ళు "రోలెక్స్" అంటారు, గుడ్డు చుట్టింది కాబట్టి "రోల్డ్ ఎగ్స్", అది నలిగి నలిగి రోలెక్స్ అయింది. చపాతీని మాత్రం చపాతీ అనే అంటారు. 1972లో ఇక్కడి నియంత ఈడీ అమీన్ మనవాళ్ళని తొంభై రోజుల్లో దేశం విడిచిపొమ్మన్నాడు, చపాతీ మాత్రం పోలేదు. తింటుంటే ఆ మొంబాసా ముసలాయన గుర్తొచ్చి గొంతు పట్టేసింది. ఇంకా ఎంబరారా దగ్గర ఆంకోలే ఆవులు, ఆ కొమ్ములు చూడాలిరా! చేతులు బారచాపినంత. మీ తాతగారి ఒంగోలు గిత్తల పక్కన నిలబెట్టి చూడాలనిపించింది. సరే, ఇలా రాసుకుంటూపోతే తెల్లారిపోతుంది.

అడవి పేరు బ్విండీ. ఇంగ్లీషులో దాని పేరుకి "చొరరానిది" అనే మాట అధికారికంగానే తగిలించారు. 321 చదరపు కిలోమీటర్లు. పెద్ద అడవేం కాదు, కానీ నిటారు కొండలు, లోయలు, ఎక్కడా చదునన్నది లేదు. మంచుయుగంలో ఆఫ్రికాలో అడవులు ఎండిపోయి గడ్డిమైదానాలైపోతుంటే, ఇది మాత్రం ఎండకుండా నిలబడిందట. అందుకే ఇన్ని రకాల చెట్లు, ఇన్ని రకాల ఫెర్న్ మొక్కలు. కొండగొరిల్లాలు లోకం మొత్తం మీద రెండే చోట్ల ఉన్నాయి, ఒకటి ఇది, రెండోది ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న విరుంగా అగ్నిపర్వతాల వరస. ఏ జూలోనూ లేవు. కడపటి లెక్కల్లో రెండుచోట్లా కలిపి 1,063, అందులో ఈ బ్విండీ వైపు 459. మన సామర్లకోటలో ఒక పెద్ద పెళ్ళికి వచ్చే జనం. అదీ పెరిగాక! 1981లో విరుంగాలో లెక్కపెడితే 254 మాత్రమే తేలాయి. మనం డిగ్రీ చదువుతూ సినిమాలకి తిరుగుతున్న రోజులు.

పర్మిట్ ఎనిమిదొందల డాలర్లు. డెబ్భై వేల రూపాయలు, ఒక్క గంటకి. మా ఇంట్లో ఈ అంకె చెప్పలేదు, నువ్వూ చెప్పకు. ఒక గొరిల్లా కుటుంబం దగ్గరికి రోజుకి ఎనిమిదిమందినే పంపుతారు, ఒక్క గంటే ఉండనిస్తారు. ఆ డబ్బుతోనే కాపలా జరుగుతుంది, అందులో కొంత చుట్టుపక్కల ఊళ్ళకి వెళుతుంది. నాకు నొప్పి అనిపించలేదు సూరీ.

పొద్దున ఏడున్నరకి అందర్నీ కూర్చోబెట్టి రేంజరు నియమాలు చెప్పింది. ఆడమనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి. మాస్కు తియ్యకూడదు. పది మీటర్ల దూరం. జలుబు, దగ్గు ఉన్నవాళ్ళు ఇప్పుడే చెప్పండి అంది. మనకి జలుబు చేస్తే నాలుగు రోజులు, వాటికి అదే ప్రాణం తియ్యొచ్చు, మన రోగాలు చాలావరకు వాటికీ అంటుతాయి. దగ్గొస్తే మొహం పక్కకి తిప్పి మోచేతిలో దగ్గాలి. నాకు ఏ దగ్గూ లేదు, కానీ ఆ మాట విన్న దగ్గర్నించీ గొంతులో ఏదో గరగర! ఎంత టెన్షన్ పడ్డానో. జేబులో లవంగం ఉంటే బుగ్గన పెట్టుకున్నాను. ఈ గొంతు సంగతి గుర్తుపెట్టుకో.

సామాను మొయ్యడానికి ఒక పోర్టర్‌ని పెట్టుకున్నాను. ఇరవై రెండేళ్ళ పిల్ల. నా మనవరాలి వరస. ఆ పిల్ల లేకపోతే నేను ఆ కొండ ఎక్కేవాణ్ణి కాదు. దారి అంటూ ఏమీ లేదు, ముందువాడు కత్తితో తీగలు నరుకుతూ పోతుంటే ఆ సందులోనే మనం. నేల మీద అడుగు పడదు, పడిపోయిన కొమ్మలు, వాటి మీద తీగలు, వాటి మీద నాచు, దాని మీద మన కాలు. దురదగొండిలాంటి ఆకులున్నాయి, ప్యాంటు మీంచి కూడా కుడతాయి. ప్యాంటు అంచులు మేజోళ్ళలో దోపుకోమన్నారు, చేతులకి తోటపని గ్లౌజులు. మోకాలు మొరాయించిన ప్రతిచోటా ఆ పిల్ల వెనక్కి చెయ్యి చాపేది, మాట్లాడకుండా లాగేది. "వెబారే" అంటే వాళ్ళ రుకిగా భాషలో థాంక్స్. పొద్దుట్నించీ వందసార్లు అనుంటాను. ఇద్దరు తుపాకీ మనుషులు కూడా వచ్చారు, అది ఏనుగులు ఎదురైతే గాల్లోకి పేల్చడానికి.

మాకంటే ముందు, చీకటితోనే, ట్రాకర్లు వెళ్ళిపోతారు. గొరిల్లాలు ప్రతి సాయంత్రం ఆకులూ కొమ్మలూ విరిచి కొత్త పక్క వేసుకుంటాయి, ఒకసారి పడుకున్న పక్కలో మళ్ళీ పడుకోవు. నిన్నటి పక్క ఎక్కడుందో ట్రాకర్లకి తెలుసు, అక్కణ్ణించి విరిగిన కొమ్మలు, పేడ చూసుకుంటూ వెతుకుతారు. మూడున్నర గంటలు నడిచాక రేడియోలో కబురొచ్చింది. సంచీలు, కర్రలు అన్నీ అక్కడే వదిలెయ్యమన్నారు. పోర్టర్లు అక్కడే ఆగిపోతారు. ఆ పిల్ల నా భుజం తట్టి, వేలు పెదాల మీద పెట్టుకుంది.

పది అడుగులు వేశాం. నా ముందు రేంజరు. ఎదర పచ్చటి గోడ, ఏమీ కనిపించలేదు. అప్పుడు ఆవిడ గొంతు సవరించుకుంది.

హ్హుఁ... హ్హూఁమ్.

కిందనించి తీసి, రెండో సగం కాస్త సాగదీసి. సూరీ, నేను అక్కడే ఆగిపోయాను. వెనకాయన వచ్చి నా వీపుకి తగిలాడు. అది మీ నాన్నగారిది! ఆఫీసు నించి సాయంత్రం ఆరింటికి వచ్చి, వీధరుగు మెట్టు మీద కాలు పెట్టేముందు, చెప్పులు విడుస్తూ, సరిగ్గా అలాగే. రెండు ముక్కలుగా. మనం పేకలు చాప కిందకి తోసేసేవాళ్ళం, మీ అక్క రేడియో తగ్గించేది, అమ్మగారు కాఫీ నీళ్ళు పెట్టేవారు. ఒక్క చప్పుడుకి ఇల్లంతా సర్దుకునేది. ఆయన ఎప్పుడూ మనల్ని పట్టుకోలేదు, గుర్తుందా? అప్పుడు మనం తెలివిగలవాళ్ళమని అనుకున్నాం. ఆయన మనకి టైము ఇచ్చేవారని నాకు యాభై ఏళ్ళు దాటాక తట్టింది.

ఇంకా విను. ఆవిడ అలా అన్న ఒక్క క్షణానికి, ఆ పచ్చటి గోడ వెనకనించి జవాబొచ్చింది. అదే చప్పుడు. ఇంకా లోతుగా, ఛాతీలోంచి, నేల అదిరినట్టు.

హ్హుఁ... హ్హూఁమ్.

అది వాటి భాషట. "నేను ఇక్కడున్నాను, అంతా బాగానే ఉంది" అని. తింటున్నప్పుడు, నడుస్తున్నప్పుడు, ఆకుల్లో ఒకదానికొకటి కనిపించనప్పుడు అలా అనుకుంటూ ఉంటాయి. చప్పుడు చెయ్యకుండా వాటి మధ్యకి వెళితే ఉలిక్కిపడతాయి, భయపడతాయి. అందుకని గైడులంతా ముందు గొంతు సవరించుకుని, నేనొస్తున్నానని చెప్పి వెళతారు. గొరిల్లాల మీద పరిశోధన చేసిన డయాన్ ఫాసీ అనే ఆవిడ 1967లో రువాండా వైపు కొండల్లో డేరా వేసుకుని, ఈ చప్పుడు నేర్చుకునే వాటికి దగ్గరైంది. 1985 డిసెంబరులో ఆవిణ్ణి అక్కడి తన గుడిసెలోనే చంపేశారు. ఆవిడ నేర్చుకున్న చప్పుడు మాత్రం ఈ కొండల్లో రోజూ పొద్దున్నే మనుషుల గొంతుల్లోంచి వస్తూనే ఉంది.

తీగలు పక్కకి తప్పుకున్నాయి. సిల్వర్‌బ్యాక్ కూర్చునుంది, మగది, కుటుంబానికి పెద్ద. మనవైపు వీపు. ఆ వీపు మీద జుట్టు కురచగా, మెడ కిందనించి నడుము దాకా వెండి. పొద్దున కురిసిన తుంపర ఒక్కొక్క వెంట్రుక కొసనా చుక్కలా నిలబడింది. తల వెనక్కి తిప్పి ఒక్కసారి మమ్మల్ని చూసి, మళ్ళీ తన తిండి తను. అంతే. ఇంట్లోకి చుట్టాలు వచ్చినట్టు.

దానికి ఎడమపక్కన ఒక ఆడది, చంకలో పిల్ల. నేను ఆవిడ చేతినే చూస్తూ ఉండిపోయాను. ఒక తీగని మొదట్లో పట్టుకుని, పళ్ళ మధ్య పెట్టి, ఇటునించి అటు సర్రున లాగింది. ఆకులన్నీ నోట్లో, పుల్ల చేతిలో. ఆ పుల్లని విసిరెయ్యలేదు, పక్కన పెట్టింది. గోళ్ళు మనలాగే ఉన్నాయిరా, నల్లగా, చివర్న మట్టి. వేలి కణుపుల మీద చర్మం ముడతలు, మా అమ్మ చేతుల మీద ఉండేలాంటివి. బొటనవేలి గోరు సగం విరిగుంది. పిల్లది చంకలోంచి జారి, మా వైపు రెండడుగులు వేసి, కొమ్మ పట్టుకుని వేలాడబోయి, కొమ్మ విరిగి బోర్లాపడింది. తల్లి చూడకుండానే చెయ్యి చాపి, కాలు పట్టుకుని వెనక్కి లాక్కుంది. చూడకుండానే! అలవాటైన చెయ్యి.

గంటలో మూడుసార్లు ఆ చప్పుడు అయింది. పెద్దాయన అనడం, చెట్టు మీంచి ఒకటి, పొదలోంచి ఒకటి బదులు పలకడం. రేంజరు కూడా పలికేది. నా గొంతులో గరగర ఎప్పుడు పోయిందో తెలీదు, లవంగం కూడా కరిగిపోయింది. అక్కడున్న ఎనిమిదిమందిలో అందరూ ఫొటోలు తీస్తున్నారు, నేను మాస్కు లోపల ఏడుస్తున్నాను. పక్కనున్న జర్మన్ ఆవిడ చూసి, నా చెయ్యి పట్టుకుంది. గొరిల్లాని చూసి ఏడుస్తున్నానని అనుకునుంటుంది.

సూరీ, ఇక్కడ ఒక మాట చెప్పాలి. 1989లో మీ నాన్నగారు పోయినప్పుడు నేను సాంటోస్‌లో ఉన్నాను. నీ ఉత్తరం మూడు వారాల తరవాత అందింది. పెద్దకర్మ కూడా అయిపోయింది. పక్షవాతం వచ్చాక చివరి నాలుగు నెలలు మాట పడిపోయిందని, గొంతు సవరింపు మాత్రం మిగిలిందని, మంచినీళ్ళు కావాలన్నా, దుప్పటి కావాలన్నా, నువ్వు గదిలోకి వచ్చావని తెలిసినా అదే చప్పుడు చేసేవారని రాశావు. ఆ ఉత్తరానికి నేను నాలుగు లైన్ల జవాబు రాశాను. ఊరొచ్చాక ఆ సంగతి ఎత్తలేదు, నువ్వూ ఎత్తలేదు. ఎందుకో... నువ్వు అరుగు మీద ఒక్కడివే కూర్చుంటే, నేను ఓడ కబుర్లు చెప్పాను. ఆ రోజు నేను అనాల్సింది అనలేదు. ఆయన ఆ చప్పుడుతో ఏం చెబుతున్నారో మనం అడగలేదు కదా. ఇవాళ అనిపించింది, ఆయన కూడా నీకు అదే...

ఉండు, కాసేపు ఆగి రాస్తాను.

టీ తాగి వచ్చాను. ఈ ఊరి చుట్టూ టీ తోటలే, అడవి అంచు దాకా. సాయంత్రం ఇక్కడి బత్వా తెగ పెద్దాయన ఒకరితో కూర్చున్నాను, మధ్యలో ఒక కుర్రాడు ఇంగ్లీషులోకి చెప్పాడు. ఇది కూడా నీకు చెప్పాలి, లేకపోతే సగమే చెప్పినట్టు. ఈ అడవి తరతరాలుగా బత్వాలది. తేనె తీసుకునేవారు, చిన్న జంతువుల్ని వేటాడేవారు, మందుమొక్కలు తెలిసినవాళ్ళు. 1991లో దీన్ని నేషనల్ పార్క్ చేసినప్పుడు వాళ్ళని బయటికి పంపేశారు. భూమి ఇవ్వలేదు. గొరిల్లాలు బతికాయి, వీళ్ళు కొండ కింద పక్కవాళ్ళ పొలాల్లో కూలిపని చేసుకుంటున్నారు. "నా చిన్నప్పుడు గొరిల్లా ఎదురైతే మేం దారి తప్పుకునేవాళ్ళం, అది కూడా తప్పుకునేది" అన్నాడాయన. తను పుట్టిన చోటు చూడాలంటే ఆయనే పార్కువాళ్ళ దగ్గర అనుమతి తీసుకోవాలి, నేను డబ్బు కట్టి వెళ్ళొచ్చాను. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో చెప్పలేను. పొద్దున పడ్డ సంతోషం అబద్ధం కాదు, ఈ కోపమూ అబద్ధం కాదు. రెండూ ఒకే రోజు జరిగాయి. మన పోలవరం ముంపు ఊళ్ళ గురించి నువ్వు కిందటేడు రాసిన పేజీలు గుర్తొచ్చాయి. వచ్చాక దీని గురించి వివరంగా మాట్లాడుకుందాం, నీకు నాకంటే ఎక్కువ తెలుసు.

నేను లేవబోతుంటే ఆయన గొంతు సవరించుకున్నాడు. మామూలు దగ్గేనేమో. అయినా తిరిగి చూశాను.

ఇప్పుడు తెల్లవారుజామున నాలుగున్నర. రాత్రి ఎక్కడో రాస్తూ పడుకుండిపోయాను, పెన్ను దుప్పటి మీద గీతలు గీసింది. అయిదింటికి బండి వస్తుంది, కంపాలాలో పోస్టు చేస్తాను. ఇంకా చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. కొండ దిగేటప్పుడు ఆ పోర్టర్ పిల్ల మన దేశం గురించి అడిగిన ప్రశ్నలు, సముద్రం ఎప్పుడూ చూడలేదట, అలలు రాత్రిపూట కూడా వస్తాయా అని అడిగింది. నేనేం చెప్పానంటే... అది ఇంకో ఉత్తరం.

ముఖ్యమైంది మర్చిపోయాను. ఫోన్లో వీడియో తీశాను. సరిగ్గా రాలేదు, ఆకులే కనిపిస్తాయి. కానీ చప్పుడు పడింది. పన్నెండు సెకన్లు. ముందు రేంజరు, తరవాత పెద్దాయన. వాట్సాప్‌లో పంపను. ఆగస్టు రెండో వారం వస్తాను, మీ అరుగు మీద కూర్చుని వినిపిస్తాను. మీ అక్కని కూడా రమ్మను, సాయంత్రం ఆరింటికి. ఎందుకని అడిగితే ముందే చెప్పకు. నీకొక్కడికీ ముందు వినాలనుంటే, పొద్దున్నే వస్తాను, నువ్వు చెప్పినట్టే

బండి వచ్చేసింది, డ్రైవరు లైట్లు కొడుతున్నాడు.

నీ
ప్రసాదు